కాన్పు గదిలో తేలే ఆయుర్దాయం: ఆసియా స్త్రీల జీవితకాలంలో ఇరవై ఏళ్ల తేడా

2023లో జపాన్ స్త్రీల ఆయుర్దాయం 87.14 ఏళ్లు కాగా, అదే ఆసియా ఖండంలోని అఫ్గానిస్తాన్‌లో అది 70 ఏళ్లకు కూడా చేరలేదు. ఆయుర్దాయం అంటే ఒక దేశపు స్త్రీలు చనిపోతున్న వయసుల సగటు కాదు. ఒక ఏడాదిలో ఏయే వయసులవారు ఎంతమంది మరణిస్తున్నారో లెక్కగట్టి, ఆ ఏడాది పుట్టిన ఆడశిశువు జీవితాంతం అవే మరణ రేట్లను ఎదుర్కొంటే సగటున ఎన్నేళ్లు బతుకుతుందో చెప్పే అంచనా. చిన్న వయసులో సంభవించే ఒక్కొక్క మరణం ఈ లెక్కలో ఎన్నో ఏళ్లను తుడిచివేస్తుంది కనుక, పసితనంలోనూ కాన్పుల వయసులోనూ ఏం జరుగుతున్నదన్నదే దేశాల మధ్య తేడాను ప్రధానంగా నిర్ణయిస్తుంది.

పోషణ, వైద్యం సమానంగా అందితే స్త్రీలే ఎక్కువ కాలం బతుకుతారని ప్రపంచంలోని అత్యధిక దేశాల లెక్కలు చూపుతున్నాయి. అయినా దక్షిణాసియాలో చాలాకాలం ఇందుకు విరుద్ధంగా జరిగింది. భారతదేశంలో 1970-75 మధ్య పురుషుల ఆయుర్దాయం 50.5 ఏళ్లుంటే స్త్రీలది 49 మాత్రమే; 1980ల తొలి అర్ధభాగంలో గాని స్త్రీలు స్వల్పంగానైనా ముందుకు రాలేదు. ప్రకృతి ఇచ్చిన ఆధిక్యాన్ని వరుస కాన్పులు, రక్తహీనత, ఆడపిల్లకు జబ్బు చేస్తే వైద్యుడి దగ్గరకు ఆలస్యంగా తీసుకువెళ్లే అలవాటు హరించాయనడమే సరైన వివరణ.

ఈ విషయంలో అన్నిటికన్నా ఎక్కువగా పరిశీలించదగినది శ్రీలంక అనుభవం. అక్కడ కూడా 1960ల ఆరంభం వరకు స్త్రీలే తక్కువకాలం బతికేవారు. 1930లలో సజీవంగా పుట్టిన ప్రతి లక్షమంది శిశువులకు 2,000 మందికి పైగా తల్లులు మరణించేవారు. ఈ లెక్కనే ప్రసూతి మరణాల నిష్పత్తి అంటారు. 1926లో కళుతర ప్రాంతంలో మొదలైన ఆరోగ్య విభాగాల పద్ధతి క్రమంగా దేశమంతటికీ విస్తరించి, శిక్షణ పొందిన మంత్రసాని గర్భిణి ఇంటికే వెళ్లి పరీక్షించడం, ప్రమాద లక్షణాలు కనిపిస్తే ఆసుపత్రికి పంపడం మామూలు పనిగా మారింది. 1940ల మధ్య నుంచి డీడీటీతో మలేరియాను అదుపు చేయడం వల్ల గర్భిణుల్లో రక్తహీనత తగ్గింది. ఉచిత విద్య వల్ల చదువుకున్న ఆడపిల్లలు వైద్యం అడిగి పొందగలిగారు. 1950 నాటికే ఆ నిష్పత్తి సుమారు 500కు దిగింది, ఇప్పుడు కొన్ని పదుల్లోనే ఉంది. సంపన్న దేశం కాకపోయినా శ్రీలంక స్త్రీల ఆయుర్దాయం నేడు 80 ఏళ్ల దరిదాపుల్లో ఉండటానికి పునాది అక్కడే పడింది.

జపాన్ ఇంకొక దశను చూపుతుంది. 1947లో 54 ఏళ్లే ఉన్న అక్కడి స్త్రీల ఆయుర్దాయం మొదట శిశు మరణాలు తగ్గడం వల్ల పెరిగితే, ఆ తర్వాత ఉప్పు వాడకం తగ్గించి, రక్తపోటును అదుపులో ఉంచడం వల్ల పక్షవాతపు మరణాలు తగ్గి, వృద్ధాప్యంలో ఏళ్లు కలిశాయి.

అఫ్గానిస్తాన్ ఆ మొదటి దశనే ఇంకా దాటలేదు. 2002లో జరిగిన సర్వేలో కాబూల్‌లో లక్షకు 400గా ఉన్న ప్రసూతి మరణాలు, బదక్షాన్ కొండల్లోని రాగ్ జిల్లాలో 6,500గా తేలాయి. ఆగని రక్తస్రావం, గుర్రపువాతం, అడ్డం తిరిగిన బిడ్డ వంటి సమస్యలు ఎదురైనప్పుడు సకాలంలో చేయి అందించే మనిషి లేకపోవడమే ఆ తేడాకు ముఖ్య కారణం. ఆ తరువాతి ఏళ్లలో పల్లెల నుంచే యువతులను ఎంపిక చేసి మంత్రసానులుగా తీర్చిదిద్దడంతో మరణాలు గణనీయంగా తగ్గాయి. అయితే 2024 డిసెంబరులో అక్కడి తాలిబన్ పాలకులు నర్సింగ్, ప్రసూతి శిక్షణ తరగతుల్లోకి స్త్రీల ప్రవేశాన్ని నిలిపివేశారు. పురుష వైద్యుడి చేత కాన్పు చేయించడానికి అనేక కుటుంబాలు అంగీకరించని ఆ దేశంలో, ఇప్పుడు పనిలో ఉన్న మంత్రసానులు తప్పుకున్నాక వారి స్థానంలోకి రావలసినవారు తయారయ్యే దారి దీనితో మూసుకుపోయింది.