పండుగ మిగిల్చిన కోడికూర

కనుమనాడు కాకియైనను కదలదని సామెత. కోస్తా జిల్లాలలో పెక్కు ఇండ్లకు వచ్చిన బంధువులు ఆనాడు ప్రయాణము కట్టరు. గారెలతోపాటు కోడికూర వండుదురు. చాలదేమోనను బెంగచే గృహిణి ఒక కోడిని ఎక్కువగానే కోయించును. భోజనములు ముగిసినపిమ్మట గిన్నెలో సగమో, పాతికో మిగులును. దానిపై మూతబెట్టి పొయ్యిగట్టుమీదనే ఉంచి, మరునాటి ఉదయము కొంచెము వెచ్చజేసి వడ్డించుట చాలచోట్ల అలవాటు. మరునాటి కూరకు రుచి హెచ్చని చెప్పుదురు. అది నిజమే, ఉప్పు, కారము, మసాలా రాత్రికిరాత్రి ముక్కకు బాగుగా పట్టును. అయితే ఆ రాత్రి గిన్నెలో జరుగునది అంతమాత్రమే కాదు.

బాగుగా ఉడికిన కూరలో సూక్ష్మజీవులెట్లుండునని విద్యార్థి అడుగవచ్చును. ప్రశ్న సమంజసమైనదే. పచ్చిమాంసముతో వచ్చు సాల్మొనెల్లా వంటి బాక్టీరియా, ముక్క నడిభాగము 74 సెంటిగ్రేడు డిగ్రీలకు చేరినచో చచ్చును. కాని క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అను మరియొక జాతి కలదు. ఇది మట్టిలోను, దుమ్ములోను, జంతువుల ప్రేగులలోను ఉండును. పరిస్థితులు ప్రతికూలించినపుడు ఈ జీవి గట్టి పొరలుగల సిద్ధబీజముగా మారును. వీనిలో కొన్ని రకములు మరుగుచున్న నీటిలో సైతము చాలసేపు బ్రతికియుండును. విచిత్రమేమనగా, వంటయే వీనికి ఉపకారము చేయుచున్నది. వేడి సిద్ధబీజములను నిద్రలేపును. పోటీకి వచ్చు ఇతర బాక్టీరియాను చంపివేయును. పులుసులో కరగియున్న ఆమ్లజనిని వెడలగొట్టును. ఈ జీవికి ఆమ్లజని గిట్టదు.

కూర చల్లారుచు 50 డిగ్రీలకు దిగినది మొదలు ఈ బాక్టీరియా వృద్ధిచెందసాగును. 43–45 డిగ్రీలవద్ద సుమారు 10 నిమిషములకు ఒకటి రెండగును. గ్రాముకు 10 చొప్పున ఉన్నవనుకొన్నచో, గంటకు 6 పర్యాయములు, 3 గంటలలో 18 పర్యాయములు రెట్టింపగును. 2 యొక్క 18వ ఘాతము 2,62,144. కావున గ్రాముకు 26 లక్షలకు పైచిలుకు! గిన్నె ఎల్లవేళల ఆ వేడిలోనే ఉండదు గనుక ఇది హెచ్చుపక్షపు లెక్క. కాని గ్రాముకు 10 లక్షలు దాటిన ఆహారము జబ్బు చేయుటకు చాలును. తిన్నపిమ్మట ఈ జీవులు ప్రేగులలో మరల సిద్ధబీజములుగా మారుచు విషపదార్థమును విడుదలచేయును. సాధారణముగా 8 నుండి 16 గంటలలో కడుపునొప్పి, నీళ్ళవిరేచనములు ప్రారంభమగును. చాలమందికి ఒక్కరోజులో తగ్గును. పసిపిల్లల విషయములోను, వృద్ధుల విషయములోను శరీరములోని నీరు తగ్గి ప్రమాదము కలుగవచ్చును. పండుగ మరునాడు ఈ బాధను అతిగా తిన్న ఫలమని సరిపెట్టుకొనుటయే ఎక్కువ.

శాస్త్రజ్ఞులకు సైతము ఈ దోషి ఆలస్యముగానే దొరికినది. 1945లో అమెరికాలో మెక్‌లంగ్ అను శాస్త్రజ్ఞుడు వండిన కోడిమాంసమువలన కలిగిన అస్వస్థతకు ఈ బాక్టీరియాతో గల సంబంధమును ప్రకటించెను. 1953లో బ్రిటనులో బెట్టీ హాబ్స్, ఆమె సహచరులు ఈ విషయమును వివరముగా పరిశోధించి స్థిరపరచిరి.

వాసన చూచి కూర మంచిచెడ్డలు నిర్ణయింపవచ్చునను నమ్మకము గట్టిది, కాని తప్పు. కూరను పాచిపోజేయు బాక్టీరియా వేరు, రోగము కలిగించునవి వేరు. రెండవ తెగవారు పని ముగించినను వాసన, రుచి మారకపోవచ్చును.

మరల మరిగించినచో సరిపోవునా? సగము సరిపోవును. పెరుగుచున్న పెర్‌ఫ్రింజెన్స్ కణములు ఆ వేడికి చచ్చును, సిద్ధబీజములు నిలుచును. కాని చేతులనుండి, ముఖ్యముగా చీముపట్టిన గాయములనుండి కూరలోనికి దిగు స్టెఫిలోకాకస్ సంగతి వేరు. అది కూరలోనే విషమును తయారుచేయును. మరిగించినచో జీవి చచ్చునుగాని విషము చెడదు. కావున కూరను చేతితో గాక శుభ్రమైన గరిటెతోనే తీయవలెను. వెచ్చజేయుటకన్న త్వరగా చల్లార్చుటయే అసలు రక్ష.

ఇక్కడ భౌతికశాస్త్రము అక్కరకు వచ్చును. చిక్కని కూరలో వేడి నడిమినుండి అంచులకు చేరుటకు పట్టు కాలము సుమారుగా లోతు యొక్క వర్గమును అనుసరించియుండును. 10 సెంటీమీటర్ల లోతున్న కూరను 5 సెంటీమీటర్ల లోతుకు పరచినచో నాలుగవ వంతు కాలములోనే చల్లారును. ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. చిక్కని గంజిని మరిగించి, సమానముగా విభజించి, ఒక భాగమును చెంబులోను, రెండవదానిని వెడల్పు పళ్ళెములోను పోసి, 10 నిమిషములకొకసారి ఉష్ణమాపకముతో నడిభాగపు వేడి చూచి గ్రాఫు గీయించవలెను. వంటగదిలో చేయవలసినదియు ఇదే. మిగిలిన కూరను వెడల్పైన పళ్ళెములలో పలుచగా పరచి, పళ్ళెమును చన్నీటి తొట్టెలో నిలిపినచో పని ఇంకను త్వరపడును. పొయ్యిమీదనుండి దించిన 2 గంటలలోపల, ఎండ 32 డిగ్రీలు మించిన దినములలో గంటలోపల, అది రిఫ్రిజిరేటరు చేరవలెను. పూర్తిగా చల్లారువరకు బయట ఉంచనక్కరలేదు. అయితే పెద్దగిన్నెను సెగలు గ్రక్కుచు లోపల పెట్టినచో ప్రక్కనున్న పాలు, పెరుగు కూడ వేడెక్కును.

రిఫ్రిజిరేటరు 5 డిగ్రీలకు మించరాదు. అచ్చట కూర 3, 4 దినములు నిలువయుండును. కరెంటు పోయినపుడు తలుపు తీయకున్నచో చల్లదనము సుమారు 4 గంటలుండును. గడ్డకట్టించు అరలో, సున్నకు దిగువ 18 డిగ్రీలవద్ద, ఇంకను చాలకాలము నిలుచును. దానిని బల్లమీద పెట్టి కరగించరాదు, క్రింది అరలో రాత్రియంతయు ఉంచవలెను. వాడునపుడు ఆ పూటకు కావలసినంతయే తీసి, అడుగునుండి కలుపుచు, పులుసు తెర్లునట్లు కాచవలెను. ఎముకలనుండి మాంసము వలిచి ఉల్లిపాయలతో వేపుడు చేసినచో వేడి ప్రతి ముక్కకు సులభముగా అందును. ఒకసారి వెచ్చజేసినదానిని తిరిగి దాచరాదు.

రిఫ్రిజిరేటరు లేని ఇంటిలో ఉపాయము వేరు. ఉదయము, సాయంత్రము మరిగించి రెండు దినములు నడిపించు పద్ధతి పెద్దలు కనిపెట్టినదే. కాని రెండు కాపుల నడుమ 10, 12 గంటల వ్యవధిలో సిద్ధబీజములు మొలకెత్తును. చింతపండుపులుసు, పసుపు కొంత అడ్డుపడినను ఆవకాయలోవలె ఉప్పు, పులుపు కూరలో ఉండవు. మధ్యాహ్నము మిగిలినదానిని రాత్రి భోజనముదాక 60 డిగ్రీలకు తగ్గని వేడిలో సన్నని సెగపై ఉంచి, ఆ పూటకే ముగించుటయో, వేడిగా ఉండగనే ఇరుగుపొరుగులకు పంచుటయో మేలు. రెండవ కోడి విషయములో తొందర వలదు. ప్రాణముతో గంపక్రింద ఉన్నంతవరకు దానికి ఏ రిఫ్రిజిరేటరును అక్కరలేదు. బంధువులు ముక్కనుమకు కూడ నిలిచిపోయినచో అపుడే కోయవచ్చును.