మచ్చ ఒకచోట, కన్నం మరోచోట

పడకగది సీలింగు మీద టీ రంగు మచ్చ కనిపిస్తే, సరిగ్గా దాని పైనే కప్పుకు కన్నం పడి ఉంటుందని అనుకుంటాం. వర్జీనియాలోని షాంటిలీలో, పక్కనే ఉన్న సౌత్ రైడింగ్, సెంటర్‌విల్, హెర్న్‌డన్‌లలో ఇళ్ళు కొనుక్కుని స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ ఊహతో చేతి చమురు వదిలే ప్రమాదం ఉంది. మచ్చకు ఎగువన ఉన్న నాలుగు షింగిల్స్ మార్పిస్తారు. రెండు వానలు బాగానే గడుస్తాయి, మూడో వానకు మళ్ళీ కారుతుంది. ఆ తర్వాత వినిపించే మాట "కప్పంతా మార్చాల్సిందే" అని. నిజంగా చెడిపోయింది ఒక గొట్టం చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ మాత్రమే కావచ్చు. కప్పు మార్చడానికి వేల డాలర్లు కావాలి, పట్టీకి వందల్లో సరిపోతుంది. అందుకే మరమ్మతు కన్నా ముందు వెతుకులాట జరగాలి. అందులో చాలా భాగం ఇంటివాళ్ళే చేసుకోవచ్చు, కప్పు ఎక్కకుండానే.

మనలో చాలామంది పెరిగింది స్లాబు కింద. స్లాబు ఒకే ముక్క, దాని మీద నీళ్ళు కాసేపు నిలిచినా తట్టుకోవాలి. షాంటిలీ ఇంటి కప్పు ఆ జాతి కాదు. దానికి దగ్గరి చుట్టం మన ఊళ్ళలోని పెంకుటిల్లు. పెంకు నీటిని పట్టి ఆపదు, కింది పెంకు మీదికి జారవిడుస్తుంది, అలా వరస వరసగా చూరు దాకా చేరవేస్తుంది. షింగిల్ పని కూడా అదే. తారు పట్టించిన ఫైబర్‌గ్లాస్ పలకలను పై వరస కింది వరస మీదికి ఎక్కేలా మేకులతో కొడతారు. వాటి కింద ఫెల్టు లాంటి పొర, దాని కింద ప్లైవుడ్ లేదా ఓఎస్‌బీ పలకలు, ఆ పలకలను మోస్తూ చెక్క ట్రస్‌లు ఉంటాయి. ఏ అడ్డూ లేని వాలు మధ్యలో ఇలాంటి కప్పు కారడం అరుదు. వరస తెగిన చోటే కారుతుంది. గొట్టం పైకి పొడుచుకొచ్చిన చోట, పొగగొట్టం దగ్గర, వాలు వచ్చి గోడకు తగిలే చోట, రెండు వాలులు కలిసే మూలలో నీటికి దారి చూపించేది ఫ్లాషింగ్ అనే లోహపు రేకు. అది వంగినా, తుప్పు పట్టినా, మొదట్లోనే సరిగా వేయకపోయినా దాని ఫలితం లోపల కనిపిస్తుంది. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఒక్క అంగుళం వాన పడితే దాదాపు 2,360 లీటర్ల నీరు. అందులో ఒక్క గ్లాసెడు దారి తప్పినా సీలింగు మీద మచ్చ కడుతుంది.

వాన నీరు భవనంలోకి ఎలా చొరబడుతుందో కెనడా జాతీయ పరిశోధన మండలికి చెందిన జి.కె. గార్డెన్ 1963లో ఒక చిన్న వ్యాసంలో వివరించారు. ఆయన చెప్పిన దాని ప్రకారం మూడు కలవాలి: నీరు, సందు, ఆ నీటిని సందులోకి తోసే బలం. ఏ ఒక్కటి లేకపోయినా ఇల్లు కురవదు. మనం సందు గురించే ఆలోచిస్తాం. నా దృష్టిలో వెతుకులాటకు ఎక్కువ పనికొచ్చేది మూడోది. సందు కంటికి ఆనదు గాని, బలం ఆ రోజు వాతావరణంలో తన ఆనవాలు వదిలి వెళ్తుంది.

నీరు తన బరువుతో కిందికి పారడం అందరికీ తెలిసిందే. దగ్గరగా అతుక్కున్న రెండు పలకల మధ్య సన్నని సందు ఉంటే అది పైకి కూడా పాకుతుంది. ఇక గాలి. గంటకు 30 మైళ్ళ వేగంతో ఎదురుగా కొట్టే గాలి ఒత్తిడికి నీరు దాదాపు ఒక సెంటీమీటరు పైకి లేచి నిలబడగలదు. ఏదో ఒక అతుకు దగ్గర రేకు అంచు అర సెంటీమీటరే పైకి లేచి ఉంటే, నిలువుగా కురిసే వానకు ఏమీ కాదు, ఆ గాలి వీచిన రోజున మాత్రం నీరు అంచు దాటి లోపలికి వస్తుంది. "అన్ని వానలకూ కారదండీ, అప్పుడప్పుడే" అని చాలా ఇళ్ళలో అనే మాటకు ఇదొక ముఖ్యమైన కారణం.

కాబట్టి మొదటి పనిముట్టు నోట్‌బుక్కు. మచ్చ అంచు వెంబడి పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి. కారిన ప్రతిసారీ వాన మొదలైన ఎంతసేపటికి చుక్క పడింది, వాన వెలిశాక ఎంతసేపు కారింది రాసుకోండి. గాలి సంగతి తెలుసుకోవడానికి షాంటిలీవాళ్ళకు మంచి సదుపాయం ఉంది. డల్లెస్ విమానాశ్రయం ఊరి పక్కనే. అక్కడ గంట గంటకూ నమోదయ్యే వాన, గాలి వేగం, గాలి దిక్కు జాతీయ వాతావరణ సేవ ద్వారా ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి. వేసవి సాయంత్రాల ఉరుముల వానలు ఎక్కువగా పడమటి దిక్కు నుంచి వస్తాయి. చలికాలంలో, వసంతం మొదట్లో తూర్పు తీరం వెంబడి సాగే నార్‌ఈస్టర్ తుఫాన్లలో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. ఈశాన్యపు గాలివానకే కారే ఇంట్లో పడమటి వాలు బాగు చేయించడం దండగ. అలాగే పది నిమిషాలకే చుక్క పడితే నీటి దారి పొట్టిది. గంటలు గడిచాక పడితే నీరు ఇన్సులేషన్‌లో నానుతూనో, గోడ లోపల దూరం నడిచో వచ్చి ఉంటుంది.

ఈ రాతలోనే ఇంకో ప్రశ్నకు జవాబు దొరుకుతుంది: అది అసలు వాన నీరేనా? ఇక్కడ చాలా ఇళ్ళలో పై అంతస్తు ఏసీ యంత్రం యాటిక్‌లో, అంటే సీలింగుకూ కప్పుకూ మధ్య ఖాళీలో, ఉంటుంది. జూలైలో అది గాలిలోని తేమను పిండి గొట్టం గుండా బయటికి పంపిస్తుంది. ఆ గొట్టం పాచి పట్టి మూసుకుపోతే కింద పెట్టిన పళ్ళెం నిండి పొర్లుతుంది. చినుకు పడని ఎండల్లో మచ్చ పెద్దదవుతుంటే ముందు అక్కడ చూడాలి. చలికాలంలో దీనికి మరో రూపం ఉంది. స్నానాల గది ఫ్యాను గొట్టం ఊడిపోయి ఆవిరిని యాటిక్‌లోకే వదులుతుంటే, కప్పు పలకల్లోంచి లోపలికి పొడుచుకొచ్చిన మేకు మొనల మీద మంచు పేరుకుంటుంది. ఎండ కాసిన రోజున అదంతా కరిగి ఒక్కసారిగా కారుతుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున ఇల్లు కురిసిందంటే కప్పువాణ్ణి పిలవడం తొందరపాటే.

వాన నీరే అని తేలాక యాటిక్‌లోకి వెళ్ళాలి. మండు వేసవి మధ్యాహ్నం వద్దు, లోపలి వేడి ప్రమాదకరం. అడుగు చెక్క దూలాల మీదే పడాలి. మధ్యలో ఉన్నది డ్రైవాల్ మాత్రమే, మనిషి బరువు మోయదు. మచ్చ సరిగ్గా ఎక్కడుందో ముందే కొలుచుకోండి, రెండు గోడల నుంచి ఇన్ని అడుగులని. పైన ఇన్సులేషన్ పక్కకు జరిపి ఆ చోటు పట్టుకుని, అక్కడి నుంచి ఎప్పుడూ వాలుకు ఎగువ వైపే చూస్తూ పోవాలి. నీరు పలక అడుగు వెంబడి పాకి, ట్రస్ చెక్క దొరికితే దాని వెంట జారి, ఏ మేకు దగ్గరో ముడి దగ్గరో ఆగి, అక్కడి నుంచి చుక్కగా రాలుతుంది. చొరబడిన చోటికీ రాలిన చోటికీ మధ్య ఎన్నో అడుగుల దూరం ఉండొచ్చు. నల్లబడిన గీతలు, తుప్పు పట్టిన మేకులు, అణిగి గట్టిపడిన ఇన్సులేషన్, ఇవన్నీ కలిపి చూస్తే దారి తెలుస్తుంది. ఆ దారి పై కొస ఎక్కడ ఆగిందో కొలిచి, బయట అదే కొలత దగ్గర ఏముందో నేల మీద నుంచి బైనాక్యులర్స్‌తో చూడండి.

చాలాసార్లు అక్కడ కనిపించేది బాత్‌రూమ్ గాలి గొట్టం. దాని చుట్టూ ఉండే రబ్బరు పట్టీ ఎండకు అటూ ఇటూగా పదేళ్ళలో పగులుతుంది. షింగిల్స్ ఇరవై ఏళ్ళకు మించి ఉంటాయి. కప్పు బాగున్నా ఇల్లు కారడానికి ఇది చాలా సామాన్యమైన కారణం.

అంతకన్నా మోసకారి చోటు ఒకటుంది: పోర్టికో కప్పో, గ్యారేజీ కప్పో గోడ వెంబడి దిగి, గోడ మధ్యలోనే ముగిసే చోటు. అక్కడ చివరి రేకును బయటికి వంచి నీటిని గట్టర్‌లోకి మళ్ళించాలి. ఆ చిన్న వంపు లేకపోతే ప్రతి వానలోనూ నీరు సైడింగ్ వెనక్కి పోతుంది. సీలింగు మీద ఏళ్ళ తరబడి ఏమీ కనిపించదు, గోడ లోపలి చెక్క మాత్రం మెత్తబడిపోతుంది. పొగగొట్టం 30 అంగుళాలకు మించి వెడల్పుంటే, దానికి ఎగువన నీటిని రెండు పక్కలకూ చీల్చే చిన్న వాలు కట్టాలని అమెరికా నివాస భవనాల కోడ్ చెబుతుంది. అది లేని చోట ఆకులు, నీళ్ళు, మంచు పేరుకుంటాయి.

అనుమానం రుజువు చేసుకోవడానికి నీళ్ళ పైపు పరీక్ష ఉంది. దీన్ని కింది నుంచి పైకి చేయాలి. ముందే శిఖరం నుంచి నీళ్ళు వదిలితే కిందున్నవన్నీ తడిసి, ఏది కారిందో తేలదు. చూరు దగ్గర మొదలుపెట్టి ఒక్కో భాగాన్ని పదిహేను ఇరవై నిమిషాలు తడపాలి, ఇంకో మనిషి యాటిక్‌లో టార్చితో చూస్తుండాలి, చుక్క పడిందంటే ఆగాలి. ఏ భాగం మీదైనా వాన పడినట్టే పై నుంచి మెల్లగా పోయాలి. కింది నుంచి షింగిల్ అంచుల్లోకి జోరుగా కొడితే మంచి కప్పు కూడా కారుతుంది, లేని లీకును మనమే పుట్టించినట్టవుతుంది. కప్పు ఎక్కాల్సిన ఈ పని అనుభవమున్నవాళ్ళకే వదిలేయండి. లోపల కాపలా మాత్రం మీరే ఉండండి.

మంచు కాలపు లీకు వేరే రకం. 2010 ఫిబ్రవరి 5, 6 తేదీల్లో డల్లెస్‌లో 32.4 అంగుళాల మంచు పడింది. అంత మందాన పేరుకున్న మంచు, ఇంట్లోంచి యాటిక్‌లోకి తప్పించుకునే వెచ్చదనానికి అడుగు నుంచి కరుగుతుంది. ఆ నీరు చల్లని చూరు దగ్గర మళ్ళీ గడ్డకట్టి గట్టులా నిలుస్తుంది. వెనక నిలిచిన నీరు షింగిల్స్ కిందికి ఎగదన్నుతుంది. జారవిడవడానికి చేసిన కప్పు నిల్వ నీటిని ఆపలేదు. దీనికి మందు పైన లేదు. యాటిక్ నేలలో దీపాల చుట్టూ, గొట్టాల చుట్టూ ఉన్న సందులు మూసి, వెచ్చదనం పైకి పోకుండా చేయాలి.

రూట్ 50 వెంబడి మన కిరాణా కొట్లు, హోటళ్ళు ఉండే సముదాయాల కప్పులు వేరే పద్ధతివి: దాదాపు బల్లపరుపు, మీద రబ్బరు లేదా ప్లాస్టిక్ పొర, దాని కింద ఇన్సులేషన్, ఆ కింద మడతల ఇనుప రేకు. అతుకు దగ్గర దూరిన నీరు ఆ మడతల్లో పడి చాలా దూరం పారగలదు, కారేది పక్క దుకాణంలో కావచ్చు. ఇలాంటి చోట్ల థర్మల్ కెమెరా బాగా పనికొస్తుంది. పగలంతా ఎండకు వేడెక్కిన కప్పు సూర్యుడు దిగాక చల్లారుతుంటే, తడిసిన ఇన్సులేషన్ ఉన్న చోటు ఆలస్యంగా చల్లారి వెచ్చగా కనిపిస్తుంది. కెమెరా చూసేది వేడిని, నీటిని కాదు. తేమ మీటరు గుచ్చి ఖాయం చేసుకున్నాకే దాని మాట నమ్మాలి.

పాత టౌన్‌హౌస్ కొన్నవాళ్ళకు ఒక ప్రత్యేకమైన జాగ్రత్త. రెండు ఇళ్ళ మధ్య గోడకు అటూ ఇటూ నాలుగడుగుల మేర, మంట పాకకుండా రసాయనం పట్టించిన ప్లైవుడ్‌ను కప్పుకు వాడే పద్ధతి 1980లలో వర్జీనియాతో సహా తూర్పు రాష్ట్రాల్లో విస్తృతంగా నడిచింది. ఆ రసాయనాల్లో కొన్ని కప్పు వేడికి ఆమ్లంగా మారి చెక్కనే తినేశాయి. పలక నల్లగా, పెళుసుగా మారి పొడిపొడి అయింది. యాటిక్‌లో గోడ వెంబడి నిలువునా ముదురు రంగు పట్టీ కనిపిస్తే అది లీకు మచ్చ కాకపోవచ్చు. సీలెంట్ పూసినందువల్ల అది బాగుపడదు, దాని మీద కాలు పెట్టిన మనిషి కూలిపడొచ్చు. కప్పు ఎక్కే పనివాడికి ముందే చెప్పండి.

కారుతున్నప్పుడు మాత్రం ఇదంతా ఆగాలి. సీలింగు ఉబ్బి వేలాడుతుంటే కింద బకెట్ పెట్టి, ఆ గదికి కరెంటు ఆపి, ఉబ్బు అడుగున చిన్న రంధ్రం పొడవండి. లేకపోతే పలకంతా ఊడి పడుతుంది. తడిసినవన్నీ 24 నుంచి 48 గంటల్లోగా ఆరితే చాలావరకు బూజు పట్టదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతుంది. రంగు మాత్రం, ఏ గాలివానకు కారిందో అలాంటిది ఇంకొకటి వచ్చి పోయాకే వేయించండి.

పెద్ద గాలివాన తర్వాత తలుపు తట్టి కప్పు ఉచితంగా చూస్తామనేవాళ్ళు వస్తారు. వర్జీనియా వృత్తుల నియంత్రణ శాఖ వెబ్‌సైటులో లైసెన్సు ఉందో లేదో చూశాకే మాట్లాడండి. నీరు ఏ చోట, ఏ బలంతో దూరిందో ఫొటోలతో చూపించలేనివాళ్ళకు పని ఇవ్వకండి. బీమా విషయానికొస్తే, గాలికి షింగిల్స్ లేచిపోవడం లాంటి హఠాత్తు నష్టానికే సాధారణంగా డబ్బు వస్తుంది, ఏళ్ళ తరబడి అరిగిన రబ్బరు పట్టీకి రాదు. క్లెయిము వేసేటప్పుడు మీరు రాసుకున్న తేదీలకు ఆ రోజు డల్లెస్ గాలి వివరాలు జతచేయండి.