ఎండలకు ముందే పెరటి పని

శివరాత్రికి చలి ‘శివశివా’ అంటూ వెళ్లిపోతుందంటారు. మడకశిరలో చలితోపాటే మట్టిలోని తేమా సెలవు తీసుకుంటుంది. సముద్రమట్టానికి 600 మీటర్లకు పైగా ఎత్తున్న ఊరు కనుక రాత్రిళ్లు కాస్త హాయిగానే ఉంటాయి. పగలు మాత్రం పొడిగాలి, ఎండ పోటీపడి ఎర్రనేలను ఆరబెట్టేస్తాయి. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. జోరు వానలు చూడాలంటే సెప్టెంబరు రావాల్సిందే. ఇక్కడ బకెట్టు నీళ్లకూ లెక్కుంటుంది. అందుకే మే నెలలో పెరడు పచ్చగా ఉండాలంటే ఉగాదికి ముందే నడుం బిగించాలి.

మట్టికి దుప్పటి

ముందు మొక్కల చుట్టూ కలుపు తీసి, పైమట్టిని తేలిగ్గా గుల్ల చేసి నీళ్లు పెట్టండి. ఆ తడి ఆరకముందే చెనక్కాయ పొట్టో, కానుగ ఆకో, ఎండుగడ్డో రెండు మూడు అంగుళాల మందాన పరవండి. తేమ త్వరగా ఆవిరైపోదు, కలుపూ తగ్గుతుంది. కాండానికి తగలకుండా జానెడు దూరం వదలడం మరవద్దు. ఎరువు వేస్తే బాగా చివికినదే వేయాలి. పచ్చి పేడ వేస్తే చెదలను పిలిచినట్టే!

కత్తెరకు పని

మల్లెను చలికాలంలోనే కత్తిరించి ఉంటే ఇప్పుడు చిగుళ్లు, మొగ్గలు వస్తుంటాయి. వాటి జోలికి పోకుండా ఎండుకొమ్మలు మాత్రం తీసేయండి. కరివేపాకు తల తుంచితే పక్క కొమ్మలు గుబురుగా వస్తాయి. కాయలున్న మునగను మాత్రం ఇప్పుడు ముట్టుకోవద్దు. కాపు అయ్యాకే కొట్టాలి. మామిడి నిండు పూతమీద ఉన్నప్పుడు మందులు చల్లితే తేనెటీగలు దూరమవుతాయి. పిందె బఠాణీ గింజంత అయ్యాక నీళ్లు మొదలుపెట్టండి.

కుండ కింద కూరగాయలు

సొర, బీర, దోస విత్తనాలకు ఇదే అదను. రంగు వేయని మట్టికుండను మెడ వరకూ నేలలో పాతి, నీళ్లు నింపి మూత పెట్టండి. చుట్టూ నాలుగైదు గింజలు నాటండి. కుండ గోడల్లోంచి ఊరే తేమ వేళ్లకు అందుతుంది. పైమట్టి తడవదు కనుక వృథా తక్కువ. మూత ఉంటే దోమలూ చేరవు. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లను మొక్కలకే పోయండి. సబ్బుపొడి నీళ్లు మాత్రం వద్దు. మొక్కలకు పోసేది ఉదయం పెందలాడే అయితే మంచిది.

పేను, పచ్చదోమ కనిపిస్తే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున తడిసేలా చల్లండి.

కొత్త మొక్కలకు తొందరవద్దు

నర్సరీలో పూలమొక్క కనబడితే మనసాగదు. కానీ ఎండలు ముదిరే వేళ నాటిన మొక్కను బతికించడానికి, వేళ్లూనిన చెట్ల వంతు నీళ్లు కూడా దానికే పోయాల్సి వస్తుంది. ఇప్పుడు గుంతలు మాత్రం తవ్వి ఉంచండి. వేసవి ఎండకు మట్టిలోని పురుగులు, తెగుళ్లు తగ్గుతాయి. మొక్క సంగతి వానలు పడ్డాక చూసుకోవచ్చు.