ఆటల ఊరు

జాతరలో రంగులరాట్నం చూశారు కదా. అమెరికాలో ఆటలకే ఒక ఊరు లాంటి తోట ఉంది. పేరు డిస్నీల్యాండ్. 1955లో వాల్ట్ డిస్నీ కట్టించాడు. పెద్దలూ పిల్లలూ కలిసి ఆడుకోవాలని ఆయన కోరిక.

తోటలో వేరువేరు పేటలు ఉన్నాయి. ఒక పేటలో అడవి. అక్కడ పడవ ఎక్కితే ఏనుగులు నీళ్లు చిమ్ముతాయి. భయం లేదు, అవి మరబొమ్మలు. పడవ కూడా నీళ్ల అడుగున ఉన్న పట్టా మీదే నడుస్తుంది. ఇంకో పేటలో కథల కోట. మరో పేటలో రాకెట్లు.

జోరుగా పోయే బండ్ల దగ్గర ఎత్తు కొలుస్తారు. చాలని పిల్లల్ని ఎక్కనివ్వరు. ఎందుకు? అడ్డు కమ్మీ చిన్నపిల్లలకు సరిగా ఆనదు. జారిపోవచ్చు.

మన జాతరలోనైనా ఎక్కేముందు బోర్డు చదవండి. ఎత్తు చాలకపోతే పిల్ల ఏడ్చినా ఎక్కించకండి. కొంగు, జడ బిగించుకోండి. ఇప్పుడు మనకు చదవడం వచ్చు కదా!