‘బస్ ఎర్రర్’ నేర్పిన పాఠం



మన జనగామ జిల్లా బమ్మెర పోతన గారి ఊరని అందరికీ తెలుసు. ఆయన పేరు పెట్టిన ‘పోతన 2000’ తెలుగు ఫాంట్‌తో మనలో చాలామంది టైపు చేశాం. ఫాంట్ కూడా ఒక ఫైలే. కానీ దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. ఎందుకంటే అది బైనరీ ఫైల్. అందులోని ప్రతి బైటూ 0 నుంచి 255 వరకు ఒక సంఖ్య.

అలాంటి ఫైళ్లను బైటు బైటుగా దిద్దడానికి లినక్స్‌లో ఒక చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను. ఉన్న బైటును మారిస్తే బాగానే ఉండేది. చివర కొత్తవి చేర్చబోతే మాత్రం ‘బస్ ఎర్రర్’ అని చూపించి ఆగిపోయేది. ఇది ఆర్టీసీ బస్సు కాదు లెండి! రెండు రాత్రులు కూర్చున్నా తెగలేదు. ‘ఈ విద్య మనలాంటి వాళ్లకు రాదేమో’ అనిపించింది. హాస్టల్లో చదివిన వాళ్లకు ఈ మాట కొత్త కాదు.

చివరికి మహబూబాబాద్‌లో ఉన్న పాత రూమ్మేట్‌కు ఫోన్ చేశాను. వాడు రెండే ప్రశ్నలు అడిగాడు: “ఫైలు సైజెంత? నువ్వు మ్యాప్ చేసిందెంత?”

అసలు సంగతి అక్కడే ఉంది. మెమరీ మ్యాపింగ్‌లో ఫైలంతా ఒకేసారి మెమరీలోకి రాదు. ముందు అడ్రసులు మాత్రమే ఇస్తారు. మనం ముట్టుకున్న పేజీ అప్పుడు వస్తుంది. పేజీ అంటే సాధారణంగా 4,096 బైట్లు. ఇది వార్డెన్ గారి రిజిస్టర్ లాంటిది. రిజిస్టర్లో 60 మంచాలకు నంబర్లున్నాయి, గదిలో ఉన్నవి 50. 55వ నంబరు పిల్లవాడు ట్రంకు పెట్టెతో వెళ్తే ఎక్కడ పడుకోవాలి?

నా ఫైలు 10,000 బైట్లు. అంటే 3 పేజీలు, 12,288 బైట్ల చోటు. నేను మ్యాప్ చేసింది 16,384. 12,288 దాటి రాయగానే అక్కడ ఫైలే లేదు కనుక ప్రోగ్రాం ఆగిపోయింది. 10,000కూ 12,288కీ మధ్య రాస్తే ఎర్రర్ రాదు, కానీ రాసింది ఫైల్లోకి చేరదు. చప్పుడు చేయని ఈ తప్పే ఎక్కువ ప్రమాదం.

బాగు చేసిన తీరు ఇదీ:

1. ముందు ‘ఎఫ్‌ట్రంకేట్’తో ఫైలు సైజు పెంచాలి. పేరులో కత్తిరింపు ఉన్నా అది పెంచుతుంది కూడా.
2. పాత మ్యాప్ తీసేసి, కొత్త సైజుకు మళ్లీ మ్యాప్ చేయాలి.
3. మ్యాప్ దొరికిందో లేదో ప్రతిసారీ చూడాలి. 0 బైట్ల ఖాళీ ఫైలుకు దొరకదు.
4. మనం దిద్దుతుండగా వేరే ప్రోగ్రాం ఫైలును కుదించినా ఇదే ఎర్రర్ వస్తుంది. అందుకే నకలు మీద దిద్ది, అంతా సరిగా ఉన్నాకే అసలు దాని స్థానంలో పెట్టాలి.

తమ్ముళ్లూ, తప్పు నా తెలివిలో లేదు, రెండు సంఖ్యలు కలవకపోవడంలో ఉంది. ఎర్రర్ వస్తే కంప్యూటర్ కట్టేసి పడుకోకండి. ఉన్నదెంత, అడిగిందెంత, కాగితం మీద పక్కపక్కన రాయండి. అప్పటికీ తెగకపోతే రూమ్మేట్‌ను లేపండి.

– ఒక పూర్వ విద్యార్థి, భూపాలపల్లి