కారు బ్రేకు ప్యాడ్ల మార్పిడి

కారు బ్రేకు ప్యాడ్ల మార్పిడి అనగా డిస్కు బ్రేకులు గల కారులో అరిగిపోయిన ప్యాడ్లను తీసివేసి, వాటి స్థానంలో కొత్తవాటిని అమర్చే పని. బ్రేకు వేసిన ప్రతిసారీ కొద్దికొద్దిగా అరిగే విధంగానే ప్యాడును తయారు చేస్తారు. దానిని సకాలంలో మార్చినచో డిస్కు, క్యాలిపరు వంటి ఖరీదైన భాగాలు చాలాకాలం మన్నుతాయి. ఆలస్యం చేసినచో ముందు డిస్కు చెడుతుంది, ఆ తరువాత ప్రయాణికుల ప్రాణాలకే ముప్పు వస్తుంది. ప్యాడ్లు అరిగే తీరు బండి నడిచే ప్రాంతాన్ని బట్టి కూడా మారుతుంది. తెలంగాణలోని సూర్యాపేట జిల్లాకు చెందిన గరిడేపల్లి మండల ప్రాంతం ఇందుకు ఉదాహరణగా ఈ వ్యాసంలో వివరించబడినది.

చరిత్ర

తొలినాటి మోటారు బండ్లకు గుర్రపు బండ్లకు ఉన్నట్లే చెక్క దిమ్మెల బ్రేకులు ఉండేవి. 1888 ఆగస్టులో జర్మనీకి చెందిన బెర్తా బెంజ్, తన భర్త కార్ల్ బెంజ్ నిర్మించిన మూడు చక్రాల బండిలో మన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్ వరకు సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణించింది. దారిలో దిగుడు రోడ్లపై చెక్క దిమ్మెలు అరిగిపోగా, ఆమె ఒక చెప్పులు కుట్టేవాని చేత వాటికి తోలు తొడుగు వేయించింది. బ్రేకు లైనింగు చరిత్రకు దీనినే ఆరంభంగా పరిగణిస్తారు. 1897లో ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ బ్రేకు లైనింగుల తయారీని ప్రారంభించాడు. ఆయన స్థాపించిన సంస్థే తరువాత ఫెరోడో అనే పేరుతో ప్రసిద్ధి చెందింది.

డిస్కు బ్రేకుకు 1902లో ఇంగ్లండుకు చెందిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ పేటెంటు పొందాడు. అయితే అది వాడుకలోకి రావడానికి అర్ధ శతాబ్దం పట్టింది. 1953లో ఫ్రాన్సులో జరిగిన లె మాన్ 24 గంటల పందెంలో డిస్కు బ్రేకులు గల జాగ్వార్ కారు గెలవడంతో వాటి సామర్థ్యం లోకానికి తెలిసింది. 1955లో వచ్చిన సిట్రోయెన్ డి.ఎస్. కారు ముందు చక్రాలకు డిస్కు బ్రేకులను అమర్చారు. భారతదేశంలో అంబాసిడర్ కారు తొలి రకాలలో నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉండేవి. నేటి చిన్న కార్లలో ఎక్కువ వాటికి ముందు డిస్కు బ్రేకులు, వెనుక డ్రమ్ము బ్రేకులు ఉంటాయి. డ్రమ్ములో అరిగే భాగాన్ని బ్రేకు షూ అంటారు. దానిని మార్చే పద్ధతి వేరు.

నిర్మాణం

ప్యాడులో రెండు భాగాలు ఉంటాయి. వెనుక ఉక్కు పలక, దానికి అతికించిన ఘర్షణ పదార్థం. కొత్త ప్యాడులో ఘర్షణ పదార్థం సుమారు 10 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. ఒక్కొక్క డిస్కుకు లోపలి వైపు ఒకటి, బయటి వైపు ఒకటి చొప్పున రెండు ప్యాడ్లు ఉంటాయి. కావున ముందు రెండు చక్రాలకు కలిపి నాలుగు ప్యాడ్లు కావలెను. వీటిని ఒక సెట్టుగా అమ్ముతారు.

ఘర్షణ పదార్థాన్ని బట్టి ప్యాడ్లు ముఖ్యంగా మూడు రకాలు. రెసిన్లు, నారలతో చేసినవి మెత్తగా, తక్కువ శబ్దంతో పనిచేస్తాయి, కానీ త్వరగా అరుగుతాయి. లోహపు పొడి, ఉక్కు నారలు కలిపినవి వేడిని బాగా తట్టుకుంటాయి, కానీ డిస్కును కొంత ఎక్కువగా అరగదీస్తాయి. సిరామిక్ రకం తక్కువ దుమ్ముతో ఎక్కువ కాలం మన్నుతుంది, ధర ఎక్కువ. పూర్వం ప్యాడ్లలో ఆస్బెస్టాసు విరివిగా వాడేవారు. దాని ధూళి ఊపిరితిత్తుల కాన్సరుకు కారణమని తేలడంతో అనేక దేశాలు దానిని నిషేధించాయి.

పనిచేసే విధానం

పెడలు తొక్కినపుడు మాస్టరు సిలిండరులోని బ్రేకు ఆయిలుపై ఒత్తిడి కలుగుతుంది. పాస్కల్ సూత్రం ప్రకారం ఆ ఒత్తిడి గొట్టాల ద్వారా అన్ని చక్రాలకూ సమానంగా చేరుతుంది. మాస్టరు సిలిండరు వైశాల్యం 3 చదరపు సెంటీమీటర్లు, క్యాలిపరు పిస్టను వైశాల్యం 21 చదరపు సెంటీమీటర్లు అనుకొంటే, పిస్టను వద్ద బలం 7 రెట్లు అవుతుంది. పిస్టను లోపలి ప్యాడును డిస్కుకు నొక్కుతుంది. ఆ ప్రతిచర్య వల్ల క్యాలిపరు తన పిన్నులపై జరిగి బయటి ప్యాడును కూడా నొక్కుతుంది. ఈ పిన్నులు తుప్పు పట్టి బిగుసుకొన్నచో ఒక ప్యాడు పూర్తిగా అరిగి, రెండవది కొత్తదానివలెనే ఉండిపోతుంది.

బండి గతిశక్తి అంతా ఘర్షణ వల్ల వేడిగా మారుతుంది. 1000 కిలోగ్రాముల కారు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోవుచున్నపుడు దాని గతిశక్తి సుమారు 2,47,000 జౌళ్లు. ఒక లీటరు నీటిని 30 డిగ్రీల సెల్సియస్ నుండి సుమారు 89 డిగ్రీల వరకు వేడి చేయడానికి ఈ శక్తి సరిపోతుంది. బండి ఆగే కొద్ది క్షణాలలోనే ఇంత వేడి పుడుతుంది. వేగం రెట్టింపు అయినచో గతిశక్తి నాలుగు రెట్లు అవుతుంది.

బ్రేకు వేసినపుడు బండి బరువు ముందుకు మొగ్గుతుంది. అందువల్ల బ్రేకు పనిలో అధిక భాగం ముందు చక్రాలదే. ముందు ప్యాడ్లు త్వరగా అరగడానికి కారణం ఇదే. సాధారణంగా ముందు ప్యాడ్లు 30,000 నుండి 60,000 కిలోమీటర్ల వరకు వస్తాయి. నడిపే తీరు, మోసే బరువు, రహదారి స్థితిని బట్టి ఇది చాలా మారుతుంది.

అరిగిన ప్యాడ్ల గుర్తులు

* కీచుమనే శబ్దం: అనేక ప్యాడ్లకు ఒక చిన్న రేకు ఉంటుంది. పదార్థం సుమారు 2 - 3 మిల్లీమీటర్లకు తగ్గగానే ఆ రేకు డిస్కుకు తగిలి కీచుమంటుంది.
* గరగర శబ్దం: ఘర్షణ పదార్థం పూర్తిగా పోయి ఉక్కు పలకే డిస్కును గీరుతున్నదని అర్థం. అప్పుడు బండిని నడపరాదు.
* బ్రేకు ఆయిలు మట్టం తగ్గుట: ప్యాడు అరిగినకొద్దీ పిస్టను ముందుకు జరిగి ఆ ఖాళీలోకి ఆయిలు చేరుతుంది. కావున డబ్బాలో మట్టం నెమ్మదిగా తగ్గినపుడు ముందు ప్యాడ్లను చూడవలెను. కొద్ది రోజులలోనే తగ్గినచో ఎక్కడో కారుచున్నదని అనుమానించవలెను.
* బండి ఒక ప్రక్కకు లాగుట: ఒక వైపు క్యాలిపరు బిగుసుకొని ఉండవచ్చును.

ఘర్షణ పదార్థం 3 మిల్లీమీటర్లకు చేరినపుడు శబ్దం రాకపోయినా మార్చడం మంచిది. లోపలి ప్యాడు పైకి కనబడదు కనుక, బయటి ప్యాడును మాత్రమే చూసి నిర్ణయించరాదు.

గరిడేపల్లి ప్రాంతంలో

గరిడేపల్లి మండలం 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడే వరకు నల్గొండ జిల్లాలో ఉండేది. ఇది నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి పండే ప్రాంతం. ఇక్కడి నుండి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలకు రాకపోకలు ఎక్కువ. సూర్యాపేట, కోదాడల మీదుగా హైదరాబాదు - విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి పోతుంది. బియ్యం మిల్లులకు పేరుపొందిన మిర్యాలగూడకు కోతల కాలంలో ధాన్యపు లారీలు, ట్రాక్టర్లు బారులు తీరుతాయి. ఇటువంటి ప్రాంతంలో బ్రేకులపై పడే ప్రభావాలు ఇవి:

నాట్ల సమయంలో దమ్ము చేసి వచ్చే ట్రాక్టర్ల చక్రాల నుండి రాలిన బురద రోడ్లపై పేరుకుంటుంది. అది ప్యాడుకు, డిస్కుకు మధ్య చేరి ఎండిన తరువాత ఇసుక కాగితం వలె రెంటినీ గీరుతుంది. క్యాలిపరు పిన్నుల రబ్బరు తొడుగు చినిగి ఉన్నచో బురద లోపలికి పోయి పిన్నులు బిగుసుకుంటాయి. కావున నాట్లు ముగిసిన తరువాత ఒకసారి చక్రాలు విప్పించి చూడటం మేలు.

నీరు నిలిచిన రోడ్డు దాటిన వెంటనే బ్రేకు మొదటిసారి సరిగా పట్టకపోవచ్చును. అటువంటప్పుడు కొద్ది దూరం మెల్లగా పోవుచూ పెడలును తేలికగా తొక్కినచో డిస్కు ఆరిపోతుంది. వానాకాలంలో కొన్ని రోజులు నిలిపి ఉంచిన కారు డిస్కుపై పలుచని తుప్పు పొర కనబడుతుంది. ఇది మొదటి కొన్ని బ్రేకులకే పోతుంది, ఆందోళన అవసరం లేదు.

కోతల కాలంలో రోడ్డుపై ధాన్యం ఆరబోస్తారు. గింజలపై టైరు జారుతుంది. ఎంత కొత్త ప్యాడ్లైనా చక్రాన్ని మాత్రమే ఆపగలవు, బండిని ఆపేది టైరుకు, రోడ్డుకు మధ్య ఉన్న పట్టు. అక్కడ వేగం తగ్గించడమే మార్గం.

జాతీయ రహదారిపై 80 కిలోమీటర్ల వేగంతో పోవు కారు, డ్రైవరు అపాయాన్ని గమనించి పెడలు తొక్కే ఒక్క సెకనులోనే 22 మీటర్లు పోతుంది. బ్రేకులు బాగుండి సెకనుకు సెకనుకు 7 మీటర్ల చొప్పున వేగం తగ్గినచో మరి 35 మీటర్లలో ఆగుతుంది. బ్రేకుల బలం సగానికి తగ్గినచో ఆ 35 మీటర్లు 70 మీటర్లవుతాయి. వడ్ల ట్రాక్టరు అకస్మాత్తుగా అడ్డం వచ్చినపుడు ఈ తేడాయే నిర్ణాయకం.

కావలసిన సామగ్రి

కారు నమూనాకు సరిపోయే ప్యాడ్ల సెట్టు, జాకీ, గట్టి స్టాండు, చక్రపు పానా, క్యాలిపరు బోల్టులకు తగిన పానాలు, పిస్టనును వెనుకకు నెట్టే బిగింపు పరికరం, బ్రేకులకు వాడే సిలికాను గ్రీజు, బ్రేకు శుభ్రపరిచే ద్రవం, తీగ ముక్క, ముక్కుకు మాస్కు.

మార్చే విధానం

1. బండిని సమతలమైన గట్టి నేలపై నిలిపి, హ్యాండు బ్రేకు వేసి, వెనుక చక్రాలకు అడ్డు పెట్టవలెను. చక్రం నేలపై ఉండగానే నట్లను కొద్దిగా వదులు చేయవలెను.

2. జాకీతో లేపి, స్టాండు పెట్టిన తరువాతనే చక్రం తీయవలెను. జాకీ ఒక్కదానిపై గాని, ఇటుకలపై గాని ఆధారపడరాదు.

3. క్యాలిపరు కింది బోల్టు విప్పి, దానిని పైకి ఎత్తవలెను. పూర్తిగా ఊడదీసినచో తీగతో స్ప్రింగుకు కట్టవలెను. రబ్బరు గొట్టంపై వ్రేలాడదీసినచో గొట్టం లోపల చీలుతుంది.

4. పాత ప్యాడ్లను తీసి రెంటి మందాన్ని పోల్చవలెను. అరుగుదలలో పెద్ద తేడా ఉన్నచో పిన్నులను శుభ్రపరచి గ్రీజు రాయవలెను. దుమ్మును నోటితో గాని, గాలి గొట్టంతో గాని ఊదరాదు. పాత ప్యాడులో ఏ పదార్థం ఉన్నదో పైకి తెలియదు.

5. డిస్కును పరీక్షించవలెను. అనుమతించదగిన కనీస మందం సాధారణంగా దానిపైనే ముద్రించి ఉంటుంది. అంతకంటే పలుచబడినా, పగుళ్లు ఉన్నా, డిస్కును కూడా మార్చవలెను.

6. బ్రేకు ఆయిలు డబ్బా మూత తీసి, పాత ప్యాడును పిస్టనుపై ఉంచి బిగింపు పరికరంతో నెమ్మదిగా వెనుకకు నెట్టవలెను. అప్పుడు ఆయిలు డబ్బాలోనికి తిరిగి వస్తుంది. మధ్యలో ఎవరైనా ఆయిలు నింపి ఉన్నచో అది పొంగి పొర్లుతుంది. బ్రేకు ఆయిలు రంగును తినివేస్తుంది కనుక వెంటనే నీటితో కడగవలెను. వెనుక డిస్కు బ్రేకులు గల కొన్ని కార్లలో పిస్టనును త్రిప్పుచూ నెట్టవలెను. విద్యుత్ హ్యాండు బ్రేకు ఉన్నచో ప్రత్యేక యంత్రం అవసరం.

7. కొత్త ప్యాడ్లను, వాటితో వచ్చిన క్లిప్పులను అమర్చవలెను. ఘర్షణ పదార్థానికి గ్రీజు గాని, నూనె చేతులు గాని తగలరాదు.

8. క్యాలిపరును దించి, బోల్టులను, తరువాత చక్రపు నట్లను తయారీదారు చెప్పిన బిగింపు మేరకు బిగించవలెను. రెండవ వైపు కూడా ఇదే విధంగా చేయవలెను. ఒక వైపు మాత్రమే మార్చినచో బ్రేకు వేసినపుడు బండి ఒక ప్రక్కకు లాగుతుంది.

మొదటి పెడలు

ఈ పనిలో అత్యంత ప్రమాదకరమైన ఘట్టం అన్నీ బిగించిన తరువాత వస్తుంది. పిస్టను వెనుకకు నెట్టబడి ఉండుటచే ప్యాడుకు, డిస్కుకు మధ్య ఖాళీ ఉంటుంది. ఆ స్థితిలో బండిని కదిలించి బ్రేకు తొక్కినచో పెడలు నేల వరకు పోతుంది, బండి మాత్రం ఆగదు. అందుచేత బండి కదలక ముందే పెడలును అది గట్టిపడే వరకు పలుమార్లు తొక్కవలెను. ఆ తరువాత డబ్బాలో ఆయిలు మట్టాన్ని సరిచూసి మూత బిగించవలెను. ఎన్నిసార్లు తొక్కినా పెడలు మెత్తగానే ఉన్నచో గొట్టాలలో గాలి చేరినదని గ్రహించి, గాలి తీయించనిదే బండి నడపరాదు. పని మెకానిక్కు చేసినపుడు కూడా, బండి తీసుకొను వ్యక్తి ముందుగా పెడలు తొక్కి చూడటం మంచి అలవాటు.

కొత్త ప్యాడ్లు డిస్కుపై పూర్తిగా కుదురుకోవడానికి ఖాళీ రోడ్డుపై గంటకు 50 కిలోమీటర్ల వేగం నుండి 10 కిలోమీటర్ల వరకు మధ్యస్థంగా బ్రేకు వేయుచూ, మధ్యలో చల్లారనిస్తూ సుమారు పది పర్యాయాలు చేయవలెను. మొదటి 200 - 300 కిలోమీటర్లు అకస్మాత్తుగా గట్టిగా బ్రేకు వేయవలసిన పరిస్థితి రాకుండా నడపడం మంచిది.

బ్రేకు ఆయిలు

ప్యాడ్లు మార్చే సమయమే ఆయిలును పరీక్షించడానికి కూడా అనువైనది. ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిలు కొత్తగా ఉన్నపుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగరాదు. తేమ చేరిన తరువాత ఈ ప్రమాణం 155 డిగ్రీలకు తగ్గుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండలో, నిండు బరువుతో పదేపదే బ్రేకు వేసినపుడు పాత ఆయిలు మరిగి ఆవిరి బుడగలు ఏర్పడినచో, కొత్త ప్యాడ్లు ఉన్నా పెడలు లోపలికి పోతుంది. అందువల్ల సుమారు రెండు సంవత్సరాలకొకసారి ఆయిలు మార్చవలెను. పేరులో ఆయిలు అని ఉన్నప్పటికీ ఇది ఇంజను ఆయిలు వంటిది కాదు. పొరపాటున ఇంజను ఆయిలు పోసినచో రబ్బరు సీళ్లు ఉబ్బి, బ్రేకులు పూర్తిగా పాడవుతాయి.