పందుల నుంచి సోకే ఫ్లూ: రెండు రోజుల్లోపు మొదలుపెడితేనే మందు బాగా పనిచేస్తుంది

షెడ్డులో నాలుగైదు పందులు దగ్గుతున్నాయి, ముక్కు కారుతోంది, మేత ముట్టడం లేదు. కొద్ది రోజులకే మీకూ జ్వరం, ఒళ్లు నొప్పులు, పొడి దగ్గు మొదలయ్యాయి. అప్పుడు చాలామంది ఊళ్లోనే ఒక ఇంజెక్షన్ చేయించుకుని, నాలుగు యాంటీబయాటిక్ బిళ్లలు మింగి ఊరుకుంటారు. యాంటీబయాటిక్స్ బ్యాక్టీరియా మీదే పనిచేస్తాయి. ఫ్లూ వైరస్ వల్ల వస్తుంది. తగ్గుతుందిలే అని ఆగిన ఆ రెండు రోజులే అసలు మందుకు అనువైన సమయం.

పందుల ఫ్లూ మనిషికి ఎలా వస్తుంది?

పందుల్లోని ఫ్లూ వైరస్ మనుషులకు అరుదుగా సోకుతుంది. సోకేది ఎక్కువగా వాటికి దగ్గరగా మసలేవారికే. 2012లో అమెరికాలో పశువుల ప్రదర్శనల్లో పందుల దగ్గర తిరిగిన 300 మందికి పైగా హెచ్3ఎన్2 రకం వైరస్ సోకింది. వారిలో ఎక్కువమంది పిల్లలు. 2009లో పందుల వైరస్‌ల నుంచి పుట్టిన హెచ్1ఎన్1 మాత్రం మనిషి నుంచి మనిషికి ప్రపంచమంతా పాకింది. మన దేశంలో తొలి కేసు ఆ ఏడాది మే నెలలో హైదరాబాద్‌లో బయటపడింది. బాగా ఉడికించిన పంది మాంసం తింటే ఈ ఫ్లూ రాదు.

ఏ మందు పనిచేస్తుంది?

- ఒసెల్టామివిర్ (టామిఫ్లూ): పైన చెప్పిన రెండు వైరస్‌ల మీదా పనిచేసింది. మన ఒంట్లోని కణంలో పెరిగిన వైరస్ బయటపడి పక్క కణాలకు పాకకుండా ఇది అడ్డుకుంటుంది.
- జనామివిర్: ఇదీ అలాగే పనిచేస్తుంది. పొడి రూపంలో నోటితో పీల్చాలి. ఉబ్బసం ఉన్నవారికి పనికిరాదు.
- అమాంటడిన్, రిమాంటడిన్: ఇవి పాత మందులు. పై రెండు వైరస్‌లూ వీటికి లొంగలేదు. వీటిని నమ్ముకోవద్దు.

ఎంత మేలు చేస్తుంది?

లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వాడితే మామూలు రోగికి జబ్బు సుమారు ఒక రోజు ముందుగా తగ్గుతుంది. వైరస్ అప్పటికే ఒంట్లో పాకిపోతే మందుకు అడ్డుకునే పని తక్కువే మిగులుతుంది. అందుకే ఆలస్యమైన కొద్దీ ఫలితం తగ్గుతుంది. అయితే ఆయాసం ఉన్నవారికి, ఆసుపత్రిలో చేరినవారికి రెండు రోజులు దాటినా డాక్టర్లు ఈ మందు ఇస్తారు. గర్భిణులు, అయిదేళ్లలోపు పిల్లలు, వృద్ధులు, షుగర్, గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవారు అసలు ఆలస్యం చేయకూడదు.

మీరు చేయాల్సినవి

- జ్వరం వచ్చిన రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. "మా పందులు దగ్గుతున్నాయి, నేనే వాటిని చూసుకుంటున్నాను" అని మీరే ముందుగా చెప్పండి. ఏ రకం వైరస్ అన్నది మామూలు పరీక్షలో తేలదు. మీరు ఆ మాట చెబితేనే నమూనాను ల్యాబ్‌కు పంపాలన్న ఆలోచన డాక్టరుకు వస్తుంది.
- డాక్టరు చీటీ లేకుండా ఒసెల్టామివిర్ కొనకండి. రాసినన్ని రోజులు, సాధారణంగా అయిదు రోజులు, పూర్తిగా వాడండి. జ్వరం తగ్గిందని మధ్యలో ఆపవద్దు. కొన్ని హెచ్1ఎన్1 వైరస్‌లు ఇప్పటికే ఈ మందుకు లొంగడం లేదు. ఇష్టం వచ్చినట్లు వాడితే అలాంటివి పెరుగుతాయి.
- ఈ మందును పందుల నీళ్లలో, దాణాలో కలపకండి. జబ్బు పందులను వేరుగా కట్టి, పశువైద్యుడికి చూపించండి.
- జ్వరం ఉన్నన్నాళ్లూ షెడ్డులోకి వెళ్లకండి. మీ ఫ్లూ కూడా పందులకు సోకుతుంది. రెండు వైరస్‌లు ఒకే పందిలో కలిస్తే కొత్త రకం పుట్టవచ్చు.
- షెడ్డు పని చేసేటప్పుడు మాస్కు కట్టుకోండి. పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోండి.

ఆయాసం, ఛాతీ నొప్పి, పెదవులు నీలంగా మారడం, మగతగా ఉండటం కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.